ఎమ్మారై నార్మల్ అయితే జబ్బు లేనట్టేనా?

సంపాదకులకు,

మతిమరుపు జబ్బుల మీద మీరు వేసిన వ్యాసంలో ప్రియాన్ జబ్బుల (మెదడులోని ప్రియాన్ అనే ప్రొటీన్ రూపం మారి నాడీకణాలను చంపే జబ్బులు) గురించి రెండు ముక్కలు రాసి, ఎమ్మారై తీస్తే తేలిపోతుందన్నారు. ఇంట్లో ఎవరికీ లేకుండా ఉన్నట్టుండి వచ్చే క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ అనే ప్రియాన్ జబ్బులో ఆ మాట చాలావరకు సరే. డిఫ్యూజన్ ఎమ్మారైలో మెదడు పైపొర వెంట రిబ్బన్‌లా, లోపల కాడేట్, పుటమెన్ భాగాల్లో తెల్లగా మెరుస్తుంది. వంశపారంపర్యంగా వచ్చే రకాల్లో మాత్రం ఈ ధీమా పనికిరాదు. ప్రియాన్ కేసుల్లో ఇవి సుమారు 10-15 శాతం. 20వ క్రోమోజోమ్ మీద ఉండి ప్రియాన్ ప్రొటీన్‌ను తయారుచేసే పీఆర్ఎన్‌పీ జన్యువులో తేడా ఎక్కడుందన్న దాన్ని బట్టి మెదడులో దెబ్బతినే చోటు కూడా మారుతుంది.

నిద్రను పూర్తిగా దూరం చేసే ఫేటల్ ఫెమిలియల్ ఇన్‌సోమ్నియానే చూడండి. రోగికి నిద్ర పట్టదు, ఒళ్లంతా చెమటలు, గుండె దడ. ఎమ్మారైలో చాలాసార్లు ఏమీ కనపడదు. పెట్ స్కాన్ తీస్తే మెదడు లోపలి థాలమస్ అనే భాగం గ్లూకోజ్‌ను సరిగా వాడుకోవడం లేదని తెలుస్తుంది. చనిపోయాక కణజాలం చూస్తే థాలమస్‌లో నాడీకణాలు భారీగా పోయి ఉంటాయి. ప్రియాన్ అనగానే అందరూ మెదడులో వెతికే స్పాంజిలాంటి చిల్లులు మాత్రం అంతంతమాత్రమే. పైపొర నుంచి చిన్న ముక్క తీసి చూసి 'ఏమీ లేదు' అని రాస్తే ఆ రిపోర్టుకు అర్థం లేదు.

1936లో వర్ణించిన గెర్ట్స్‌మన్-స్ట్రాస్లర్-షైంకర్ జబ్బుది ఇంకో దారి. నడక తూలడంతో మొదలై ఏళ్ల తరబడి సాగుతుంది. చిన్నమెదడులో ప్రియాన్ ప్రొటీన్ గడ్డకట్టిన ఫలకాలు కనిపిస్తాయి. స్కాన్‌లో మొదట్లో ఏమీ ఉండకపోవచ్చు, తర్వాత చిన్నమెదడు కుంచించుకుపోవచ్చు. వెన్నునీటిలో రూపం మారిన ప్రియాన్‌ను వెతికే ఆర్‌టీ-క్విక్ పరీక్ష కూడా ఈ రెండు రకాల్లో అంత నమ్మకంగా పట్టదు.

కాబట్టి స్కాన్ బాగుందని కేసు మూసేయకూడదు. రక్తంతో జన్యుపరీక్ష చేయొచ్చు. మరణం తర్వాత కుటుంబం ఒప్పుకుంటే మెదడు పరీక్ష చేయాలి. అంటుకుంటుందన్న భయంతో పోస్టుమార్టం గదుల్లో చేతులెత్తేయడం నాకు మింగుడుపడదు. ముట్టుకుంటే ఇది అంటుకోదు. ఫార్మలిన్‌కు ప్రియాన్ చావదన్నది నిజమే, కానీ మెదడు ముక్కలను గాఢమైన ఫార్మిక్ ఆమ్లంలో నానబెడితే వాటి వల్ల ముప్పు బాగా తగ్గుతుంది. ఈ పద్ధతి ల్యాబులకు కొత్తేమీ కాదు.

పేరెంట్‌కు ఈ జన్యు తేడా ఉంటే ఒక్కో బిడ్డకూ అది వచ్చే అవకాశం 50 శాతం. నయం చేసే మందు ఇంకా లేదు. అందుకే ముందు కౌన్సెలింగ్, ఆ తర్వాతే పరీక్ష. వద్దనుకున్నవాళ్లను బలవంతపెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మూడూ, అంటే కౌన్సెలింగ్, జన్యుపరీక్ష, మెదడు పరీక్ష, ఉచితంగా దొరికేలా ఆరోగ్యశాఖ చూడాలి. మీరు మాత్రం వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని సవరించి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు