వాడి పింఛను వాడిది. వాణ్ణి చూసుకునే మనిషి సంగతేంటి?

రాష్ట్ర వికలాంగుల సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పల్లె. మా బాబుకు తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండదు. మెడ నిలవడానికే మూడేళ్లు పట్టింది, ఇప్పుడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మాట రాదు గానీ, వీధిలో ట్రాక్టర్ చప్పుడు వినబడితే అది ఎవరిదో ఆ ఇంటివైపు చూసి చెప్పేస్తాడు.

వాడికి అన్నం పెట్టడానికి పూటకు ముప్పావుగంట పడుతుంది. మెత్తగా పిసికి, పప్పుకట్టు కలిపి, తల కాస్త ముందుకు వంచి పట్టుకుని ఒక్కొక్క ముద్ద పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది. ఒకసారి అట్లనే పొలమారి, నిమోనియా చేసి, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. అప్పటినుంచి మా అత్తమ్మకు వాడి నోట్లో ముద్ద పెట్టాలంటే చేతులు వణుకుతాయి. ఇక మూడు పూటలా నేనే.

మండల కేంద్రంలో ఇట్లాంటి పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత సెంటర్ ఉంది. అక్కడి మేడం ఓపికకు దండం పెట్టాలి. ఫిజియోథెరపీ మాత్రం వారానికి ఒక్కరోజే. ఆ రోజు వాణ్ణి చంకనేసుకుని, కాళ్లకు ఆసరాగా కట్టే కాలిపర్ల సంచి భుజానికి తగిలించుకుని రోడ్డు మీద నిలబడతాను. మహాలక్ష్మి పథకం వచ్చాక నాకు టికెట్ లేదు, అబద్ధమెందుకు, అది పెద్ద ఆసరానే. కానీ బస్సు కిక్కిరిసి వస్తుంది. కాళ్లు కర్రల్లా బిగుసుకున్న పిల్లగాడితో ఫుట్‌బోర్డు ఎక్కేదెట్లా? రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కేసరికి డాక్టర్ గారు బ్యాగు సర్దుకుంటున్న రోజులున్నాయి.

పెళ్లికి ముందు నేను పత్తి ఏరడంలో మా కూలి గుంపుకే ముందుండేదాన్ని. ఇప్పుడు కైకిలికి పోయి తొమ్మిదేళ్లయింది. మొన్న ఒక కార్యాలయంలో ఫారం నింపుతూ గుమాస్తా "నువ్వేం పని చేస్తవమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే "ఏం లేదు" అని రాసుకున్నాడు. కోపం రాలేదు. రాయడానికి ఆ ఫారంలో వేరే మాట లేదు.

2023లో వికలాంగుల పింఛను 4016 రూపాయలైంది. అది వాడి డబ్బు. మందులకు, డైపర్లకు, ఆటోలకు నెల తిరక్కముందే అయిపోతుంది. నేనడిగేది వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైన వాళ్లకు సంరక్షకుల భత్యం ఇవ్వాలన్న మాట ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం పెట్టి, మంచాన పడ్డవాళ్లను, ఇట్లాంటి పిల్లల్ని చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలని ఖరారు చేశారు. 600 ఏ మూలకూ చాలదని నాకూ తెలుసు. అయినా అక్కడి ప్రభుత్వ కాగితాల్లో ఈ చాకిరీ ఒక పనిగా ఎక్కింది. మన దగ్గర కూడా ఆ భత్యానికి జీవో తీయండి, ఎంత ఇస్తారన్నది ఉపాధి హామీ కూలి రేటు దగ్గర పెట్టుకుని లెక్క కట్టండి.

ఇంకొకటి. ఫిజియోథెరపీని వారానికి మూడు రోజులు చేయండి, ఆ రోజుల్లో పిల్లల్ని సాయంత్రం దాకా భవిత సెంటర్‌లోనే ఉంచుకునేలా, తినిపించడంలో శిక్షణ ఉన్న ఆయాను పెట్టండి. శిక్షణ అని నొక్కి చెబుతున్నాను, పొలమారితే ఏం చేయాలో తెలియని మనిషికి మా వాణ్ణి అప్పజెప్పలేను. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఈ పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి, థెరపీకి వస్తుందని నాకు తెలిసింది మొన్న మొన్ననే, అదీ బస్టాండ్‌లో కలిసిన ఇంకో తల్లి చెబితే. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ చేతికిచ్చే రోజే ఆ ముక్క చెప్పించండి.

మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఎప్పుడూ అంటుంది, "ఏడనన్న హాస్టల్ల ఏయరాదె బిడ్డా" అని. నా మీద జాలితోనే అంటుంది. వాడు హాస్టల్ ముద్ద మింగలేడని ఆమెకు తెలియదు. మీకు తెలియాలని ఇదంతా రాశాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక తల్లి