యువరాజు మీద స్టిక్కర్

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక పెళ్లి వార్త వేశారు. ఫొటో బాగుంది. కింద 'మహారాజా వారి మనవడు, యువరాజు ఫలానా' అని రాశారు చూడండి, ఈ ఉత్తరం దాని గురించే. నాకు తిరుపతిలో పెళ్లికార్డుల ప్రెస్సు ఉంది, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మీరు ఆదివారం ఒక మాట వేస్తే సోమవారం పొద్దున్నే ఆ కటింగ్ పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు, "అన్నా, వీళ్లకు వేసినట్టే మాకూ వెయ్యి, మా తాతలూ రాజులే" అంటారు. కాదనడానికి నేనెవర్ని? వేస్తాను. దాని పర్యవసానం ఏంటో ఒకసారి నా మెడకే చుట్టుకుంది.

రెండేళ్ల కిందట ఒక పాత జమీందారీ కుటుంబం, ఊరు పేరు వద్దులెండి, పెళ్లికొడుకు నాన్నగారే వచ్చి మ్యాటర్ ఇచ్చారు. పైన సంస్థానం పేరు, దాని కింద అడ్డంగా రెండు కత్తులు, పెళ్లికొడుకు పేరు ముందు 'యువరాజు'. ప్రూఫ్ చూసి సంతకం పెట్టారు, మెరూన్ కార్డు మీద గోల్డ్ స్క్రీన్ ప్రింటింగ్‌లో 500 కార్డులు వేసి ఇచ్చేశాను. మూడో రోజు ఇంకొకాయన అదే కార్డు చేత్తో పట్టుకుని వచ్చాడు. "పెద్ద శాఖ మాదయ్యా, యువరాజు అనాలంటే మా అన్న కొడుకును అనాల. చిన్న శాఖోళ్లకు యువరాజెట్లా వచ్చె?" నాకేం తెలుసు సామీ, ఇచ్చిన మ్యాటర్ వేసినా అన్నాను. అరగంటలో దాయాదులిద్దరూ నా షాపులోనే, నా ఫ్యాను కిందే, నా కుర్చీల్లోనే. చివరికి వాళ్లింటి అవ్వ ఫోన్లో "ఎస్టేటు పోయి డెబ్బై ఏండ్ల పైనాయ, ఇంకా యువరాజేందిరా, తీసేయండి" అనేసరికి అందరూ చల్లబడ్డారు. తీసేయడం ఎవరి పని? నాదే. గోల్డ్ పేపరు సన్నగా కత్తిరించి, 500 కార్డుల మీద ఆ నాలుగక్షరాలు మునిగేలా నేనూ మా ఆవిడా రాత్రి రెండింటి దాకా అంటించినాం. అంత చేసినా కార్డును ట్యూబులైటు కింద కాస్త వంచి చూస్తే లోపల 'యువరాజు' ఉబ్బెత్తుగా కనబడతానే ఉన్నాడు.

అప్పట్నుంచి ఈ విషయం కాస్త చదవడం మొదలుపెట్టాను, వచ్చినవాళ్లకు నాకు తెలిసింది చెప్తుంటాను. ఎక్కువమంది అడిగేది, "ఇందిరాగాంధీ రాజభరణాలు ఆపేసింది గానీ లేకపోతే మాకూ వచ్చేది కదన్నా?" అని. వచ్చేది కాదు. రాజభరణం అంటే పాత రాజులకు ప్రభుత్వం ఏటా ఇచ్చిన డబ్బు, అది సంస్థానాలకు. హైదరాబాదు, మైసూరు, మన వైపు బనగానపల్లె లాంటివి, బ్రిటిష్ వాళ్లతో ఒప్పందాలుండి, పేరుకైనా సొంత పాలన ఉన్నవాటికి. 1971లో 26వ సవరణతో ఆపింది వాళ్లవి. కాళహస్తి, కార్వేటినగరం, వెంకటగిరి అట్లాంటివి కావు. అవి మొదట పాళెయాలు, అంటే పాళెగాళ్ల చేతిలో ఉన్న సీమలు, 1802లో ఈస్టిండియా కంపెనీ సన్నదులు, అంటే పట్టాలిచ్చి, ఏటా ఇంత పేష్కష్ (ప్రభుత్వానికి కట్టే సొమ్ము) కట్టండని ఖాయం చేస్తే జమీందారీలయ్యాయి. వాటిని ముగించింది 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం, నష్టపరిహారం ఇచ్చింది, అంతే. జనం ప్రేమగా 'రాజాగారు' అన్నారు, అది వేరే సంగతి, మా వీధిలో టీ కొట్టాయనను కూడా రాజాగారనే అంటారు.

అట్లని వాళ్లు 'రాజా' అని ఊరికే పెట్టుకున్నారని నేను అనడంలేదు. కొందరికి బ్రిటిష్ ప్రభుత్వమే రాజా, మహారాజా అని బిరుదిచ్చింది. అయితే కొన్ని ఆ మనిషి బతికున్నంత కాలానికే, కొన్నే వంశపారంపర్యం. రావు బహదూర్, దివాన్ బహదూర్ అయితే ఆ మనిషితోనే సరి, కొడుక్కు రాదు. మా దగ్గరికొచ్చే కార్డుల్లో మాత్రం ముత్తాత రావు బహదూర్ అయితే ముని మనవడి పేరు ముందు కూడా రావు బహదూర్ చేరిపోతుంది, ఇంకో తరం పోతే ఇంటిపేరు కూడా అయిపోతుందేమో. మన రాజ్యాంగంలో 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులివ్వకూడదంటుంది, మిలిటరీవి, చదువువి తప్ప. పద్మశ్రీని కూడా పేరు ముందు బిరుదులా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఈ మాట ఒకాయనకు చెప్తే, "కోర్టు మా పెళ్లికొస్తుందా?" అన్నాడు. వేసిచ్చాను.

ఇంక పెద్ద కొడుకు సంగతి. మామూలు ఇంట్లో ఆస్తి అన్నదమ్ములందరికీ పంచుతారు కదా, మరి ఎస్టేటు అంతా పెద్దోడికే ఎట్లా పోయిందని పిలకాయలు అడుగుతారు. పంచితే పేష్కష్ కట్టేదెవరు? పది ముక్కలైన ఎస్టేటు దగ్గర కలెక్టరు పదిమంది వెనక తిరగాల. అందుకని అలాంటి ఎస్టేట్లను విభజించకూడదనే ఆచారం నిలబడింది, 1904లో మద్రాసు ప్రభుత్వం ఏ ఏ ఎస్టేట్లు విభజించరానివో పేర్లతో సహా జాబితా పెట్టి చట్టమే చేసింది. పెద్దోడు గద్దె మీద, తమ్ముళ్లకు బతకడానికి మనోవర్తి. నా షాపులో కొట్లాడిన ఆ పెద్ద శాఖ, చిన్న శాఖ అనే మాటలు అక్కడివే. ఎస్టేటే లేనప్పుడు పెద్దోడనేది వయసుకే గానీ పదవికి కాదు, కాబట్టి ఆ రోజు వాళ్లిద్దరిలో ఎవరి పక్షం న్యాయం అంటే ఇద్దరిదీ కాదు, అవ్వదే.

అసలు రక్తం, వంశం అని ఇంత పట్టుకునేవాళ్లు ఒకసారి కొండ మీదికి పోయి చూడాల. తిరుమల గుడి మహాద్వారం దాటి లోపలికి పోతానే విజయనగరాన్ని ఏలిన కృష్ణరాయలు, ఆయన ఇద్దరు దేవేరులు, రాగి విగ్రహాలు చేతులు జోడించి నిలబడుంటారు. అక్కడే ఆయన తర్వాత విజయనగరాన్ని ఏలిన అచ్యుతరాయలు, ఆయన రాణి వరదాంబ, ఇంకా తర్వాతి వెంకటపతిరాయలు. క్యూలో తోపులాటలో ఎవరం సరిగ్గా చూడం, చూసినా అంతా ఒకటే వంశం అనుకుంటాం. కృష్ణరాయలూ అచ్యుతరాయలూ ఒక తండ్రి కొడుకులే, తల్లులు వేరు. వాళ్లది తుళువ వంశం. వెంకటపతిరాయలది ఆరవీటి వంశం, అల్లుళ్ల వైపు. అళియ రామరాయలు అంటే కన్నడంలో అల్లుడు రామరాయలని అర్థం, ఆయన తమ్ముడు, వెంకటపతిరాయల తండ్రి తిరుమలరాయలు కూడా కృష్ణరాయలకు అల్లుడే. అంతకు ముందు మన చంద్రగిరి సాళువ నరసింహుడు 1485లో సంగమ వంశాన్ని పక్కకు నెట్టి సింహాసనం ఎక్కినాడు, ఆయన కొడుకులను పక్కకు నెట్టి తుళువ వాళ్లు వచ్చినారు. కృష్ణరాయలు కూడా చివరికి పసిబిడ్డ కొడుకు ఉండగానే, చంద్రగిరిలో ఉంచిన సవతి తమ్ముడు అచ్యుతుణ్ణే తన తర్వాత రాజన్నాడు. మరి 'కృష్ణరాయల వంశస్థులం' అని కార్డు మీద వేయమంటే, ఏ దారిన వచ్చిన వంశం సామీ అని అడగాలనిపిస్తుంది. అడగను, అడ్వాన్సు తీసుకున్నాక అడగడం మర్యాద కాదు.

వారసుడి కోసం కొట్లాట ఎంత దాకా పోతుందో కూడా ఇక్కడి కథే ఉంది. వెంకటపతిరాయలు 1614లో పోతూ అన్న కొడుకు శ్రీరంగరాయలను రాజును చేసినాడు. కానీ ఒక రాణి ఒక పిల్లాణ్ణి చూపించి తన బిడ్డే అంటా వచ్చింది, ఆ పిల్లాడు రాజు బిడ్డ కాదని, బయట నుంచి తెచ్చుకున్న బిడ్డని 1616లో పోర్చుగీసు పాదిరి బర్రదాస్ తన ఉత్తరంలో రాసినాడు. రాణి తరఫువాడు గొబ్బూరి జగ్గరాయలు శ్రీరంగరాయలను పెళ్లాం బిడ్డలతో సహా చెరలో పెట్టి, తర్వాత చంపించినాడు. ఒక్క కొడుకు రామదేవుణ్ణి మాత్రం వెలుగోటి యాచమనాయకుడు తప్పించినాడు, ఎట్లా అంటే ఒక చాకలి మనిషి బట్టల మూటలో పెట్టి కోట బయటికి తెచ్చినాడంట. తర్వాత తోపూరు దగ్గర పెద్ద యుద్ధం, జగ్గరాయలు చచ్చినాడు, ఆ మూటలోని పిల్లాడే రామదేవరాయలై 1632 దాకా ఏలినాడు. వెంకటగిరి వాళ్లు ఆ యాచమనాయకుడి వంశమే. ఆ చాకలాయన వంశంవాళ్లు ఎక్కడున్నారో, వాళ్లు ఎన్నడూ నా దగ్గరికి కత్తులు వేయించుకోవడానికి రాలేదు.

ఇంకొక లెక్క చెప్తాను, నేను కౌంటర్ మీద కాలిక్యులేటర్‌తోనే వేసి చూపిస్తుంటాను. మనకు తల్లీ తండ్రీ ఇద్దరు, అవ్వలూ తాతలూ నలుగురు, తర్వాత ఎనిమిది. వెంకటపతిరాయలు పోయి నాలుగు వందల ఏళ్లు, తరానికి పాతికేళ్లు వేసుకుంటే పదహారు తరాలు. పదహారో మెట్టు మీద 65,536 స్థానాలు. మేనరికాలు ఉంటాయి కాబట్టి ఒకే మనిషి పది స్థానాల్లో కూర్చుంటాడు, సరే, అయినా వేలమంది. వాళ్లలో ఒక్కడు దండనాయకుడు కాకపోతే ఆశ్చర్యం గానీ, అయితే ఆశ్చర్యం ఏముంది? వంశవృక్షం అని మా దగ్గర ఫ్లెక్సీ వేయించుకునేవాళ్లు తండ్రి, ఆయన తండ్రి, ఆయన తండ్రి అని ఒక్క గీత మాత్రం తెస్తారు. మిగతా 65,535 మంది ఎవరు, వంటింట్లో ఉన్నారా?

రక్తంతో పనే లేకుండా వారసత్వం నడిచింది కూడా మన ఊళ్లోనే. 1843లో కంపెనీ శ్రీవారి గుడి నిర్వహణను హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగిస్తే 1933 దాకా వాళ్లే చూసుకున్నారు, గురువు తర్వాత శిష్యుడు. సన్యాసులు కదా, కొడుకు అనే ప్రశ్నే లేదు.

మా ఆపరేటర్ అమ్మాయి, డిగ్రీ చదివింది, ఫోన్లో లండన్ రాజుల వార్తలన్నీ చూస్తుంది. ఎలిజబెత్ రాణి డెబ్బై ఏళ్లున్నా ఆమె భర్త ఫిలిప్ ఎందుకు రాజు కాలేదు, చార్లెస్ రాజవగానే ఆయన భార్య కమిల్లా ఎట్లా రాణి అయింది అని నన్ను అడిగింది. అక్కడ ఆచారం, రాజు పెళ్లాం రాణి, రాణి మొగుడు రాజు కాదు. మన దగ్గరా అదే, పట్టపురాణి అనే మాట ఉంది, దానికి జోడుగా పట్టపురాజు అని ఎవరన్నా విన్నారా? అక్కడ ఇంకోటి కూడా ఉండేది, అక్క పెద్దదైనా తమ్ముడు పుడితే వాడే ముందు. 2013లో చట్టం చేసి దాన్ని తీసేశారు, 2015లో అమల్లోకి వచ్చింది, 2011 అక్టోబరు 28 తర్వాత పుట్టినవాళ్లకు వర్తిస్తుంది, అందుకే చార్లెస్ మనవరాలు షార్లెట్ తన తమ్ముడు లూయీకి ముందుంది. డ్యూకులు, ఎర్ల్‌ల బిరుదులు మాత్రం ఎక్కువగా ఇంకా మగబిడ్డకే పోతున్నాయి. జపాన్‌లో అయితే సింహాసనం ఇప్పటికీ మగవాళ్లకే.

ఇది విని ఆ అమ్మాయి "మనమే నయం సార్" అంది. నిజమే. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి హక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు లేదు గానీ. దేశమంతా వచ్చింది 2005లో. ఆస్తిలో వచ్చింది, కార్డు మీదికి మాత్రం రాలేదు. పౌత్రుడు, దౌహిత్రుడు అని రెండు తాతల పేర్లూ వేస్తాం, చాలా కార్డుల్లో అవ్వల పేర్లుండవు. అవ్వ పేరు వేద్దామా అని అడిగితే, "స్థలం ఉంటే వెయ్యన్నా" అంటారు. కత్తులకు స్థలం ఉంటుంది.

మీకు నేను చేసుకునే మనవి చిన్నది. ఆ ఇళ్లవాళ్లు చెరువులు తవ్వించారు, గుళ్లకు మాన్యాలిచ్చారు, వాళ్ల గురించి రాయండి, వద్దనను. రాసేటప్పుడు 'పూర్వపు జమీందారీ కుటుంబం' అనండి, సంస్థానం కానిదాన్ని సంస్థానం అనకండి. బిరుదు రాస్తే అది ఎవరిచ్చిందో, ఆ మనిషికి మాత్రమేనా వంశానికా అని ఒక్క ముక్క కనుక్కుని రాయండి. 'యువరాజు' అని మాత్రం వద్దండీ, నా దగ్గర గోల్డ్ పేపరు అయిపోయింది.

ఇది రాస్తుండగానే ఒకాయన వచ్చి కూర్చున్నాడు. కూతురి పెళ్లంట, కార్డు మీద రెండు సింహాలు కావాలంట, ఎడమ పక్క సింహం మొహం కుడికి తిప్పాలంట. ప్రూఫ్ తీయాల, ఉంటాను.

ఇట్లు
పెళ్లికార్డుల ప్రెస్సు యజమాని,
తిరుపతి