బీఏసీ మీటింగ్‌లో ఏం తేల్చారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. సమావేశాలు మొదలైనప్పుడల్లా మీ పేపర్లో 'బీఏసీ నుంచి ప్రతిపక్షం వాకౌట్' అని పెద్ద హెడ్డింగ్ పెడతారు, కానీ ఆ బీఏసీలో, అంటే సభలో దేనికి ఎంత టైమ్ ఇవ్వాలో తేల్చే బిజినెస్ అడ్వైజరీ కమిటీలో, అసలు ఏ బిల్లుకి ఎన్ని గంటలు ఇచ్చారో మాత్రం రాయరు, మాకు కావాల్సింది అదే కదండీ.

లోక్‌సభ బీఏసీ సంగతే తీసుకోండి. 15 మంది, స్పీకరే ఛైర్మన్, మిగతావాళ్లని నామినేట్ చేసేదీ ఆయనే, ఎన్నిక గట్రా ఏం ఉండదు. అందులో చోటు దక్కని చిన్న పార్టీల వాళ్లని ప్రత్యేక ఆహ్వానితులుగా పిలుస్తుంటారు గానీ పిలుపు వేరు, సభ్యత్వం వేరు. ప్రభుత్వ బిల్లుకి రెండు గంటలా నాలుగు గంటలా అన్నది అక్కడే తేలుతుంది, ఆ టైమ్‌ని మళ్లీ పార్టీల బలాన్ని బట్టి పంచుతారు కాబట్టి ఒకరిద్దరు ఎంపీలున్న పార్టీకి మిగిలేది నిమిషాలే, పాపం మైకు అందుకునేలోపే బెల్లు కొడతారు. రిపోర్టు సభ ముందుకొచ్చాక అభ్యంతరం ఉంటే వెనక్కి పంపమని సవరణ పెట్టొచ్చు, కాకపోతే దానిమీద చర్చ అరగంటకి మించకూడదు, మనిషికి ఐదు నిమిషాలే. ఈ రూల్ వాడుకునేవాళ్లు ఎవరండీ, అరుపులకైతే అందరూ రెడీ.

వచ్చే సమావేశాలకైనా బిల్లు పేరు, దానికిచ్చిన గంటలు, మన ఎంపీలకి దక్కిన టైమ్ ఒక చిన్న బాక్సులో వేయండి, సినిమా పేజీలో కాస్త తగ్గించినా పర్లేదు.

- ఒక పాఠకుడు, తెనాలి