బ్యాంకు ముందు దొంగతనాలకు కేసు కట్టరా?

సంపాదకులకు నమస్కారం.

టంగుటూరు, కొండపి... మా ప్రకాశం జిల్లాలో పొగాకు వేలం మొదలైతే బేళ్ల డబ్బు రైతు ఖాతాలో పడుతుంది. పంట రుణం కింద బ్యాంకు పట్టుకోగా మిగిలింది కౌలుకు, కూలీలకు నగదుగా తీయక తప్పదు. మా పట్టణంలో దొంగలకు ఈ సంగతి బాగా తెలుసు.

నాది బ్యాంకు ఎదురుగా ఎరువుల కొట్టు. పోయిన సీజన్లో ఒక పెద్దాయన డబ్బు సంచి మోపెడ్ హ్యాండిల్‌కు తగిలించి బండి స్టార్ట్ చేస్తున్నాడు. శుభ్రంగా ఇన్‌షర్ట్ చేసుకున్న కుర్రాడొకడు వచ్చి, "పెద్దాయనా, నోట్లు కింద పడినయ్, నీయేనా?" అన్నాడు. చూస్తే నేల మీద నాలుగు పది రూపాయల నోట్లు. ఆయన వంగి ఏరుకుని తల ఎత్తేసరికి సంచీ లేదు, కుర్రాడూ లేడు. కాస్త అవతల బైకు మీద కాచుకున్న రెండోవాడితో సహా అంతా మా కొట్టు కెమెరాలో పడింది.

స్టేషన్లో ఆయన కాగితం తీసుకున్నారు. రసీదు ఇవ్వలేదు, ఎఫ్‌ఐఆర్ కట్టలేదు. "కేసంటే కోర్టు చుట్టూ తిరగాల పెద్దాయనా, దొరికితే ఫోన్ చేస్తాంలే" అని పంపేశారు. నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో రికార్డు తీసుకెళ్లారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

ఇలాంటి నేరం మీద ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారుకు దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. సందేహముంటే డీఎస్పీ అనుమతితో ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చు, అదీ 14 రోజుల్లో ముగించాలి. స్టేషన్లో కాదంటే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపుకోమని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి ఆ పెద్దాయనకు చెప్పినవాళ్లు లేరు.

కేసు కడితే నేరాలు పెరిగినట్టు లెక్క తేలుతుంది, సమీక్షల్లో పైవాళ్లు నిలదీస్తారు. కట్టకపోతే ఊరు ప్రశాంతం. ప్రశాంతంగా ఉన్న ఊరికి అదనపు సిబ్బందిని ఎవరిస్తారు? ఉన్న కొద్దిమందీ తిరునాళ్లకు, మంత్రుల పర్యటనలకు బందోబస్తుకు పోతారు. రాత్రి బీటు తిరిగి పొద్దున్నే కోర్టు డ్యూటీకి పరుగెత్తే కానిస్టేబుళ్లు మా కొట్టు పక్కనే టీ తాగుతారు, వాళ్ల అవస్థ నాకు తెలుసు. ఆ కొరత పైవాళ్లకు కనబడాలన్నా కేసులు కాగితం మీదికి రావాల్సిందే.

మరీ ఒత్తిడొస్తే ఊరి చివర కాలనీలో ఇద్దరు ముగ్గుర్ని తెచ్చి స్టేషన్లో కూర్చోబెడతారు. కొన్ని తెగలవాళ్లను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసే బ్రిటిష్ కాలపు చట్టం 1952 నాటికే దేశమంతటా రద్దయిపోయింది. కెమెరాలో ముఖాలు కనిపిస్తుంటే ఇదేం దర్యాప్తు?

వేలం నడిచే నెలల్లో బ్యాంకు వేళల్లో మఫ్టీలో ఇద్దరిని పెట్టాలి. ఇచ్చిన ప్రతి ఫిర్యాదుకూ రసీదు ఇవ్వాలి. మా కెమెరా రికార్డు నెల తిరిగితే చెరిగిపోతుంది కాబట్టి ఆలోగానే కేసు నంబరు పడాలి. బ్యాంకువాళ్లు కూడా పెద్ద మొత్తం తీసిన వృద్ధులకు బండి దాకా గార్డును తోడు పంపొచ్చు. ప్రస్తుతం మా బ్యాంకు గార్డు టోకెన్లు చించి ఇస్తూ కూర్చుంటున్నాడు.

— ఒక ఎరువుల వ్యాపారి, ప్రకాశం జిల్లా