మా గుడి మీది రావిచెట్టు గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారం. మాది రామప్పకు దగ్గరలోని ఒక పల్లె. మా చెరువుకట్ట కింద కాకతీయుల నాటి త్రికూటాలయం ఉంది. మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకటే రంగమండపం. ఆ గుడి కప్పు మీద మొలిచిన రావిచెట్టు గురించి మీ కార్యాలయానికి ఇప్పటికి నాలుగు దరఖాస్తులు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది, మన్నించండి.

మొదటిది 2019లో ఇచ్చాను. అప్పుడది ఉత్తరం వైపు గర్భగుడి పైన, రెండు రాతిపలకల సందులో చిటికెనవేలంత మొక్క. ఫొటో కూడా జత చేశాను. ఒక మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కితే పది నిమిషాల పని. 2021లో రెండోసారి రాసేనాటికి మణికట్టంత అయింది. మూడోసారి సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు చేతిలో పెట్టి 'ఫైలు పైకి పంపుతాం' అన్నారు. నాలుగో దరఖాస్తుకు ఆ రసీదు కూడా లేదు. పోయిన వానాకాలం తర్వాత చూస్తే చెట్టు మొదలు నా తొడంత ఉంది. వేళ్లు గోడలోంచి కిందికి దిగి, ద్వారబంధం మీది గజలక్ష్మి పలకను బెత్తెడు ముందుకు తోసేశాయి. ఆ పలక కిందుగానే మేం లోపలికి వెళ్లి దీపం పెట్టాలి.

మేమే కొట్టేద్దామంటే గుడి ముందు నీలం బోర్డు ఉంది. రక్షిత కట్టడాన్ని ముట్టుకుంటే జైలు, జరిమానా అని రాసి ఉంది. ఊరి కుర్రాళ్లు గొడ్డలి పట్టుకుని బయల్దేరితే నేనే ఆపాను. ఒక్క కేసు భయంతోనే కాదు. రావిని పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, వేరు పట్టి లాగితే రాయి ఊడి వస్తుంది. వేరును చంపాలి, కదిలిన రాళ్లు విప్పి మళ్లీ పేర్చాలి. అది తెలిసినవాళ్ల చేతిమీద జరగాల్సిన పని.

కాకతీయులు పునాదిలో ఇసుక నింపి గుళ్లు కట్టారని మీకు నేను చెప్పక్కర్లేదు. కప్పులోంచి దిగే నీళ్లు ఆ ఇసుకదాకా పోతే స్తంభాలు ఒరుగుతాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పితే, మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. అంత పేరున్న గుడికే అన్నేళ్లు పట్టింది. మాది కూలితే ఆ రాళ్లను ఎవరు వెతుకుతారండీ?

2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినరోజు మా ఊళ్లోనూ స్వీట్లు పంచుకున్నాం. చుట్టుపక్కల గుళ్లన్నీ బాగుచేస్తామని అప్పుడు సభలో చెబితే నమ్మాం. ఇప్పుడు జనం రామప్ప చూస్తారు, కొందరు ఘనపురం కోటగుళ్లకు వెళ్తారు. దారిలో ఆగి 'ఇంకేమైనా ఉన్నాయా మాస్టారూ' అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు సంతోషంగా తీసుకెళ్లి స్తంభాల మీది బొమ్మలు ఒక్కొక్కటీ చూపించేవాణ్ని. ఇప్పుడు బయటి నుంచే చూపించి పంపేస్తున్నాను. బడిపిల్లలు మాత్రం మధ్యాహ్నం ఆ మండపంలోనే ఆడుకుంటారు. వద్దంటే వినే వయసు కాదు. గాలివాన వస్తే చాలు, నాకు టెన్షన్. అన్నం వదిలేసి అటు పరుగెత్తిన రోజులున్నాయి.

రోడ్డు అడగడం లేదు, గెస్ట్‌హౌస్ అడగడం లేదు. గుడి సంరక్షణ తెలిసిన ఒక ఇంజనీరును, ఒక స్థపతిని వానలు పడకముందే పంపండి. ఆ చెట్టు తీయించండి, పలకను యథాస్థానంలో పెట్టించండి. దయచేసి ఈ ఒక్క పని చేయించండి.

ఐదో దరఖాస్తు ఈ రోజే పోస్టు చేశాను. ఎవరు వచ్చినా, ఏ రోజు వచ్చినా దగ్గరుండి చూపిస్తాను. నిచ్చెన మా ఇంట్లోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
ములుగు జిల్లా