కొత్తవాళ్ళు వచ్చేలోపు

హన్మకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ దోస్త్,

మొన్న ఫోన్‌లో "మళ్ళీ జనం ఆ పెద్ద సైట్లు వదిలిపెట్టి వస్తున్నరట గదా, మీ మాస్టోడాన్‌కు మంచి రోజులొచ్చినయ్" అన్నావు. కరీంనగర్ బస్టాండ్ చప్పుడులో నీ మాట సగమే వినపడింది, నేనూ సరిగ్గా జవాబు చెప్పలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదువు. చివర్లో నీతో ఒక పని కూడా ఉంది.

నీకు తెలిసిందే గదా, మాస్టోడాన్ ట్విట్టర్ లాంటిదే గానీ ఒక్క కంపెనీ చేతిలో ఉండదు, ఎక్కడికక్కడ ఎవరికి వాళ్ళు నడుపుకునే సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, అందులో ఒకటి మనది. జనం వస్తే నాకు సంతోషమే. కానీ 2022 నవంబర్ గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ అక్టోబర్ చివర్లో ఈలాన్ మస్క్ ట్విట్టర్‌ను 4,400 కోట్ల డాలర్లకు కొన్నాడు కదా. అప్పటిదాకా నెలకు 3 లక్షల మంది వాడే మాస్టోడాన్‌ను ఒక్క నెల తిరిగేసరికి 25 లక్షల మంది వాడారు. మన చిన్న సర్వర్‌కు వచ్చింది వందల్లోనే, అయినా మనకు అదే వరద. ఖాతా తెరిచినవాళ్ళకు వెళ్ళాల్సిన మెయిళ్ళు ఆగిపోయాయి. మేం మెయిళ్ళ కోసం పెట్టుకున్న సర్వీసులో రోజుకు ఇన్నే అని హద్దు ఉంది, అది మధ్యాహ్నానికే దాటిపోయేది. రెండో వారంలో డిస్క్ నిండిపోయింది. మనవాళ్ళు వేరే సర్వర్లలో ఉన్నవాళ్ళను ఫాలో అయితే, వాళ్ళు పెట్టే ఫోటోల కాపీ మన డిస్క్‌లో కూడా పడుతుందని తెలుసు గానీ, అంత త్వరగా నిండుతుందని ఊహించలేదు. నాలుగు రాత్రులు నిద్ర లేదు.

అయితే నన్ను బాధపెట్టింది అది కాదు. నర్సంపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ వచ్చాడు. ట్విట్టర్‌లో రోజూ మిర్చి చేను గురించి రాసేవాడు. ఏ తెగులు వచ్చింది, ఏ మందు కొట్టాడు, ఏనుమాముల మార్కెట్‌లో ధర ఎంత పలికింది, అన్నీ. ఆయన రాతలు చదివి పంట తీసుకున్నవాళ్ళున్నారు. మన దగ్గర ఖాతా తెరిచి, తామర పురుగు గురించి చక్కటి పోస్టు పెట్టాడు. ఒక్కరూ పలకలేదు. నాలుగో రోజు "ఇక్కడెవరూ లేనట్టున్నారు" అని ఒక్క లైను రాసి వెళ్ళిపోయాడు. నేనది ఐదో రోజు చూశాను, డిస్క్ గొడవ తీరాక. మెసేజ్ పెట్టాను. జవాబు లేదు.

ఎందుకలా అయిందో ఆలోచించు. పెద్ద సైట్లలో నువ్వు ఎవరినీ ఫాలో కాకపోయినా ఏదో ఒకటి కళ్ళ ముందు పోస్తూనే ఉంటారు. మాస్టోడాన్‌లో నువ్వు ఫాలో అయినవాళ్ళు రాసిందే, రాసిన వరుసలోనే వస్తుంది. నాకది చాలా ఇష్టం. కానీ మొదటి రోజు అదే శాపం. ఎవరినీ ఫాలో కాని మనిషికి ఖాళీ గోడ కనపడుతుంది, ఎవరూ ఫాలో కాని మనిషి రాసింది గోడకే చెప్పినట్టు అవుతుంది. మేం మెషీన్లు చూసుకున్నాం గానీ గుమ్మం దగ్గర మనిషిని పెట్టలేదు. అప్పుడు అలా వచ్చినవాళ్ళలో ఎంతోమంది కొన్ని నెలల్లోనే మళ్ళీ కనపడకుండా పోయారంటే, అందులో ఈ కారణం పెద్దదని నా నమ్మకం.

2019 నవంబర్‌లో కూడా ఇంతే. సుప్రీంకోర్టు లాయర్ సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసిందని మన దేశం నుంచి చాలామంది మాస్టోడాన్‌కు వచ్చారు. కోపంతో వచ్చారు, కోపం చల్లారగానే వెళ్ళారు. కోపం మనిషిని గడప దాకా తెస్తుంది, లోపల కూర్చోబెట్టాల్సింది మనమే.

ఈసారి ముందే పని మొదలుపెట్టాం. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు చూశావుగా, పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు పోతాయి. కానీ మధ్యలో కాలువ పూడిపోయి ఉంటే ఊరి మీద పడతాయి. వాన పడ్డాక కాలువ తవ్వితే ఏం లాభం? అందుకే మన సర్వర్‌లో ఎంతమందికి చోటుందో ఒక లెక్క కట్టుకున్నాం. అది దాటితే తలుపు మూసెయ్యకుండా, తెలుగువాళ్ళున్న ఇంకో రెండు సర్వర్ల లింకులు అదే పేజీలో కనపడతాయి. వాటిని నడిపేవాళ్ళతో ముందే మాట్లాడుకున్నాం. మెయిళ్ళ హద్దు పెంచాం. బయటి నుంచి వచ్చిన ఫోటోల కాపీలు వారం దాటితే వాటంతటవే పోయేలా పెట్టాం.

తర్వాత, "ఏ సర్వర్ ఎంచుకోవాలి?" అనే ప్రశ్న. కొత్తవాళ్ళు సగం మంది ఇక్కడే టెన్షన్ పడి వెనక్కి తిరుగుతారు. మా చెల్లెలికి మన మూడు ఊళ్ళు చెప్పి అర్థం చేయించాను. కాజీపేట, హన్మకొండ, వరంగల్. నువ్వు ఏ ఊళ్ళో ఇల్లు తీసుకున్నా మిగతా రెండు ఊళ్ళ చుట్టాల ఇంటికి పోవడానికి అడ్డేముంది? అడ్రసులో ఊరి పేరు మారుతుంది, అంతే. ఇక్కడా నీ పేరు, పక్కన సర్వర్ పేరు, రెండూ కలిపితే అడ్రసు. రేపు ఇల్లు మారాలనిపిస్తే మారొచ్చు, నిన్ను ఫాలో అయ్యేవాళ్ళు వెంట వస్తారు. పాత పోస్టులు మాత్రం రావు, ఇది ముందే చెప్పాలి. అయినా కొత్తవాళ్ళను ఇదంతా అడగకూడదని తేల్చుకున్నాం. ఒక్క ఇన్వైట్ లింక్ ఇస్తాం. దాంట్లోంచి వచ్చిన మనిషి, పిలిచిన మనిషిని ఆటోమేటిక్‌గా ఫాలో అవుతాడు. కనీసం ఒక్క గొంతు వినపడుతుంది.

బ్లూస్కై అనే ఇంకో సైటు వాళ్ళు 2024లో స్టార్టర్ ప్యాక్ అని తెచ్చారు, చూశావా? ఒక విషయం మీద రాసేవాళ్ళ జాబితా, ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో కావచ్చు. మంచి ఆలోచన ఎక్కడున్నా తీసుకోవాల్సిందే. మేం కూడా జాబితాలు తయారు చేస్తున్నాం. వ్యవసాయం, తెలుగు కథలు, కాకతీయ యూనివర్సిటీ పిల్లలు, రైల్వే పిచ్చోళ్ళు (కాజీపేట ఉన్న ఊళ్ళో వాళ్ళకేం తక్కువ!). ఇక కొత్త మనిషి మొదటి పోస్టు పెట్టిన గంటలో ఎవరో ఒకరు పలకాలని పదిమందిమి వంతులు వేసుకున్నాం. నువ్వు నవ్వకు, ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో ఇదే ముఖ్యమైనది అనిపిస్తుంది.

పాతవాళ్ళతో కూడా మాట్లాడాల్సి వచ్చింది. 2022లో కొత్తవాళ్ళు ఫోటో పెట్టగానే "వివరణ రాయలేదేం?" అని మీద పడ్డారు. చూపు లేనివాళ్ళకు ఫోన్ చదివి వినిపించేది ఆ వివరణే, అది రాయాలి, నిజం. కానీ ఇంటికొచ్చిన చుట్టాన్ని చెప్పులు తప్పు చోట విడిచావని తిడతామా? ఈసారి పాతవాళ్ళే ముందు రాసి చూపిస్తామన్నారు.

నియమాలు తెలుగులో రాశాం. పెద్ద సైట్లలో కులం పేరు పెట్టి తిట్టే మాటను రిపోర్ట్ చేస్తే, తెలుగు రాని మనిషో మెషీనో చూసి "తప్పేం లేదు" అని పంపడం మనందరికీ అనుభవమే. మన దగ్గర చూసేవాళ్ళకు ఆ మాట ఎంత లోతుగా కోస్తుందో తెలుసు. మా చెల్లెలు నియమాలు చదివి ఒకటే అడిగింది, "నా ఫోటో ఎవడన్న ఎత్తుకపోతే ఎవలికి చెప్పాలె, ఎంతసేపట్ల చూస్తరు?" దానికి జవాబు మొదటి పేజీలో పెట్టాం. మన దేశపు ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు కనపడేలా ఉండాలి, ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. ఇంకొకటి కూడా రాశాం. ప్రైవేటు మెసేజ్‌లు సర్వర్ నడిపేవాళ్ళు తలుచుకుంటే చదవగలరు, కాబట్టి బ్యాంకు వివరాలు, రహస్యాలు అందులో రాయొద్దు అని. ఇది రాస్తే జనం భయపడి పోతారని ఒకాయన అన్నాడు. పోతే పోనీ, దాచిపెట్టి పిలవడం నాకు చేతకాదు.

నువ్వు ఆర్కుట్‌లో మన హాస్టల్ దోస్తుల గురించి రాసుకున్నవి గుర్తున్నాయా? 2014 సెప్టెంబర్ 30తో అది మూతపడింది. తర్వాత 2019లో గూగుల్ ప్లస్, 2024లో మన దేశపు సైటు 'కూ'. ప్రతిసారీ ఎవరో మూసేశారు, మనం మూట కట్టుకుని బయల్దేరాం. ఆ గతి పట్టొద్దనే ఈ వికేంద్రీకరణ, అంటే అంతా ఒక్కరి చేతిలో పెట్టకపోవడం. కానీ చిన్న సర్వర్ ఒక్క మనిషి మీద నిలబడితే అది కూడా మూతపడేదే. నాకు జ్వరమొచ్చి పదిరోజులు పడుకుంటే ఈ ఐదారు వందల మంది సంగతేంటి?

నీతో పని అదే. మాస్టోడాన్ వాళ్ళ ఒప్పందం ఒకటుంది. ద్వేషం నింపే రాతలను పట్టించుకోవాలి, రోజూ బ్యాకప్ తీయాలి, మూసేయాల్సి వస్తే 3 నెలల ముందు చెప్పాలి, అత్యవసరానికి కనీసం ఇంకొకరి దగ్గర సర్వర్‌లోకి వెళ్ళే తాళాలుండాలి. మొదటి మూడూ చేస్తున్నాను. నాలుగోది ఇన్నాళ్ళూ వాయిదా వేశాను, ఎవరికి ఇవ్వాలో తెలియక కాదు, నిన్ను అడగడానికి మొహమాటపడి. ఆ రెండో తాళంచెవి నీ దగ్గర ఉండాలి. సర్వర్ నడవడానికి కావాల్సిన లినక్స్ నీకు వచ్చు, అంతకన్నా ముఖ్యంగా నువ్వు మనుషుల మీద త్వరగా విసుక్కోవు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సెక్కు. ల్యాప్‌టాప్ తెచ్చుకో. బ్యాకప్ నుంచి సర్వర్‌ను మళ్ళీ లేపడం ఇద్దరం కలిసి ఒకసారి చేసి చూద్దాం, రాత్రయినా సరే. అమ్మ సర్వపిండి చేస్తానంది. వస్తున్నావో లేదో బుధవారం లోపు చెప్పు, నర్సంపేట సారుకు మళ్ళీ ఒక ఉత్తరం రాస్తున్నాను, నువ్వూ ఉన్నావని అందులో రాయాలి.

నీ
హన్మకొండ దోస్త్