పోయాక రాసే నాలుగు లైన్లు సరిపోవు సార్

సంపాదకుడు గారికి నమస్కారం,

మీ సినిమా పేజీ గురించి ఒక మాట చెప్దామని రాస్తున్నా, మీ ఒక్కరి గురించే అని కాదు, అన్ని పేపర్లదీ అదే వరస. చిన్న వేషాలేసే నటుడో, డబ్బింగ్ ఆర్టిస్టో, ఎడిటరో, ఆర్ట్ డైరెక్టరో పోయినప్పుడు వచ్చే వార్త గమనించారా, ఎవరిదైనా ఒకే అచ్చు. కొంతకాలంగా అనారోగ్యంతో బాధపడుతూ కన్నుమూశారు, వందకు పైగా సినిమాలకు పనిచేశారు, పలువురు ప్రముఖులు సంతాపం తెలిపారు, అంతే. ఆ వంద ఎవరు లెక్కపెట్టారో తెలీదు, ఒకచోట వంద ఉంటుంది ఇంకోచోట మూడొందలు ఉంటుంది. మిగతాదంతా అదే పేరా అటు తిరిగి ఇటు తిరిగి అన్ని చోట్లా కనిపిస్తుంది, మొదట రాసినోళ్లు ఒక సినిమా పేరు తప్పు కొడితే మిగతా అందరూ ఆ తప్పుతో సహా దింపేస్తారు. ఈమధ్య ఒక వార్తలో అయితే ఫోటో కూడా వేరే ఆయనది వేశారు, ఆయన నిక్షేపంగా ఉన్నారు!

నేను అడిగేది ఒక్కటే. వీళ్ల గురించి బతికుండగా రాయండి, రాసేది సరిచూసి రాయండి.

యూట్యూబ్ వాళ్లు రాస్తున్నారుగా అంటారేమో. వాళ్లు చేసేది వేరే, ఏడుస్తున్న మొహం ఒకటి థంబ్‌నెయిల్ పెట్టి, దీనస్థితిలో ఒకప్పటి నటి అని పైన ఎర్రక్షరాలు. అరగంట వీడియోలో అద్దె ఇల్లు, మందుల ఖర్చు, పిల్లలు చూడట్లేదు అన్న సంగతి తప్ప ఆవిడ ఏ నాటక సమాజంలో పనిచేసింది, సినిమాకి ఎలా వచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఆ రోజుల్లో డైలాగులు ఎవరు చెప్పించేవారు, ఒక్క ముక్క అడగరు. సాయం అవసరమైన వాళ్లకి సాయం అందాలి, దానికి నేను కాదనను. కానీ ముప్పై ఏళ్లు పని చేసిన మనిషి దగ్గరికెళ్లి ఆ పని గురించి తప్ప మిగతావన్నీ అడిగి రావడం ఏంటి?

సరిచూడటం అని ఎందుకంటున్నానంటే, మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద సంగతే తీసుకోండి. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు రాసుకుంటూ వచ్చాం, పుస్తకాల్లో అదే, పేపర్లలో అదే. చివరికి జర్నలిస్టు రెంటాల జయదేవ గారు పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి తీస్తే తేలింది ఏంటంటే అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని. అంటే భాష మొత్తానికి మొదటి మాటల సినిమా తేదీయే తప్పు నడిచింది, దాన్ని సరిచేసింది కూడా ఒక పేపర్ మనిషే. ఇంక ఆ సినిమాలో వేషాలేసిన వాళ్ల సంగతి చెప్పాలా. లీలావతిగా వేసిన సురభి కమలాబాయి గారి పేరు అన్నా అప్పుడప్పుడు వినిపిస్తుంది, హిరణ్యకశిపుడుగా వేసిన మునిపల్లె సుబ్బయ్య గారి గురించి మీ పేజీలో ఎప్పుడైనా పది లైన్లు వచ్చాయా? ఒట్టి కమలాబాయి అని ఇంటిపేరు లేకుండా రాస్తే ఇంకో తంటా, 1913లో ఫాల్కే తీసిన మోహినీ భస్మాసుర్‌లో నటించిన మరాఠీ నటి కమలాబాయి గోఖలే వేరు, మన సురభి ఆవిడ వేరు. ఇద్దరి వివరాలూ ఒకే పేరా కింద కలిసిపోతే విడదీయడానికి ఎవరికీ ఓపిక ఉండదు.

అసలు వివరాలు దొరకవు కదా అనొచ్చు మీరు. దొరుకుతాయి సార్, కాకపోతే కూర్చోవాలి. పాత రోజుల్లో సినిమా హాల్లో పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు, అందులో కథాసంగ్రహం, పాటలు, పాత్రధారులు, సాంకేతిక నిపుణులు అందరి పేర్లూ ఉండేవి, చాలా సినిమాలకి ఇప్పుడు మిగిలిన ఆధారం ఆ పల్చటి పుస్తకమే. రీళ్లు ఎటూ పోయాయి, అప్పటి నైట్రేట్ ఫిల్ము త్వరగా అంటుకునేది, అంటుకోనిది అందులోని వెండి కోసం కరిగించేశారు, తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య గారి వాళ్లు 1921లో తీసిన మూకీ సినిమా భీష్మ ప్రతిజ్ఞ మనకి చూడ్డానికి లేదు. ఉన్న సినిమాలకైనా టైటిల్స్ చూద్దామంటే టీవీలో మొదలే కోసేసి పాట దగ్గర్నుంచి వేస్తారు, వేసినా ఒక మూల చానల్ లోగో, కింద స్క్రోలింగ్, సరిగ్గా 'సహాయకులు' అని వచ్చే కార్డు మీదే పడతాయి ఆ రెండూ. ఆపి ఆపి చూస్తే ఇంటిపేరు అక్షరం బానో జానో తెలీదు. ఇప్పుడు ఓటీటీల్లో చివర పేర్లు మొదలవ్వగానే తెర చిన్నదైపోయి తర్వాతి ఎపిసోడ్ వచ్చేస్తుంది, అది ఇంకో గోల.

మాయాబజార్ గురించి ఏటా రాస్తారు, రాయాలి కూడా, 1957 సినిమా ఇప్పటికీ చూస్తున్నాం. కానీ ఎప్పుడూ ఆ నలుగురి పేర్లే. కెమెరామన్ మార్కస్ బార్ట్లే పేరు అందులో ఆయన చూపించిన వెన్నెల పుణ్యమా అని కాస్త నిలిచింది. కళా దర్శకులు గోఖలే, కళాధర్ గార్లు, ఎడిటర్ జంబులింగం గారు, వీళ్ల మీద విడిగా ఒక్క వ్యాసం వెయ్యొచ్చుగా. మాధవపెద్ది గోఖలే గారు చిత్రకారుడే కాదు, కథలు కూడా రాశారు, ఆ సంగతి సినిమా పేజీ వాళ్లకీ పట్టదు సాహిత్యం పేజీ వాళ్లకీ పట్టదు.

డబ్బింగ్ వాళ్ల సంగతి మరీ దారుణం. సాయికుమార్ గారు తెర మీదకి వచ్చి పేరు తెచ్చుకున్నారు కాబట్టి సుమన్ గారికి, రాజశేఖర్ గారికి గొంతు ఆయనదే అని అందరికీ తెలిసింది. తండ్రి పి.జె.శర్మ గారు కూడా డబ్బింగ్ చెప్పినాయనే, తమ్ముడు రవిశంకర్ గారు 2009లో అరుంధతిలో సోనూ సూద్‌కి గొంతు ఇచ్చారు, ఆ గొంతు తీసేస్తే ఆ పాత్రలో ఎంత మిగులుతుందో మీరే చెప్పండి. రోజారమణి గారు చిన్నప్పుడు 1967 భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడు, పెద్దయ్యాక ఎంతోమంది హీరోయిన్ల గొంతు, మనం మాత్రం ఎప్పుడూ ఆ చిన్నపిల్ల ఫోటోనే వేస్తాం. వీళ్లు తెలిసినవాళ్లు కాబట్టి పేర్లు చెప్పగలిగా. గుంపులో అరుపులు, ఫోన్లో అవతలి గొంతు, పసిపిల్ల ఏడుపు ఇలాంటివి చెప్పి బతికినవాళ్లు ఎంతమందో, వాళ్ల దగ్గర స్టూడియో పని గురించి చెప్పడానికి బోలెడు ఉంటుంది.

ఇది మన దగ్గరే అనుకోకండి. 1949లో మహల్ సినిమా పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, తెర మీద పాత్ర పేరు కామిని అని వేశారు. హాలీవుడ్‌లో మార్నీ నిక్సన్ అనే గాయని ముగ్గురు పెద్ద హీరోయిన్లకి పాడింది, ఆ సినిమాల్లో ఆవిడ పేరే వెయ్యలేదు. ఇంగ్లండ్‌లో బీబీసీ వాళ్ల డాక్టర్ హూ సీరియల్ టైటిల్ మ్యూజిక్‌ని 1963లో టేపు ముక్కలు కోసి అతికించి తయారుచేసింది డెలియా డెర్బీషైర్, బాణీ కట్టిన రాన్ గ్రెయినర్ ఆవిడకి కూడా క్రెడిట్ ఇవ్వండని అడిగినా ఆవిడ ఉన్న సౌండ్ విభాగంలో పనిచేసేవాళ్ల పేర్లు వెయ్యం అన్నారు బీబీసీ వాళ్లు. తెర మీద పేరు పడింది 2013లో, అప్పటికి ఆవిడ పోయి పన్నెండేళ్లు.

న్యూయార్క్ టైమ్స్ వాళ్లు ఈ విషయంలో ఒక మంచి పని చేశారు, 2018లో ఓవర్‌లుక్డ్ అని ఒక శీర్షిక పెట్టి, తాము అప్పట్లో వదిలేసిన వాళ్లకి ఇప్పుడు నివాళి రాస్తున్నారు, మొదటి విడతలోనే మన మధుబాల గారు ఉన్నారు. మనకి పోయినవాళ్లతో పాటు ఉన్నవాళ్లు కూడా కావాలి. వారానికి ఒకరు చాలు, అర పేజీ కూడా అక్కర్లేదు. మేకప్ వాళ్లు, ఫైటర్లు, దూరదర్శన్ నాటకాల్లో వేసినవాళ్లు, మొదటితరం సీరియల్ రైటర్లు ఎవరైనా సరే. మీ రిపోర్టరు వెళ్లి మాట్లాడాలి, సినిమా పేరు చెప్తే ఏ ఏడాదో చూసుకోవాలి, తెలియనిది తెలియదని రాయాలి, తర్వాత ఎవరైనా తప్పు పట్టుకుంటే సవరణ అదే పేజీలో వెయ్యాలి. పేరుకి ముందు ఇనిషియల్ మాత్రం దయచేసి కొట్టెయ్యకండి, రేపు ఇద్దరు కృష్ణారావులని విడదీసేది అదొక్కటే.

మీ పాత సంచికలు కూడా స్కాన్ చేసి అందరికీ కనబడేలా పెడితే ఈ పని సగం పాఠకులే చేసి పెడతారు. ప్రెస్ అకాడమీ వాళ్లు కొన్ని పాత పత్రికలు అలా పెట్టారు కాబట్టే నాలాంటి వాళ్లకి కాస్త వెతికే వీలు చిక్కింది. మీ ఆఫీసులో బైండు చేసి పెట్టిన సినిమా అనుబంధాలు ఎలాగూ ఉండే ఉంటాయి, ముందు వాటితో మొదలెట్టండి.

ఇట్లు,
సినిమా పేజీ ముందు చదివే ఒక పాఠకుడు